తప్పిపోయిన తెలుగు ఆపా

మా బడిలో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. పిల్లలకు నేను తెలుగు ఆపాను. ఆపా అంటే ఉర్దూలో అక్క. లెక్కల సారుకు, అరబ్బీ నేర్పే హజ్రత్‌కు, గదులు ఊడ్చే ఆమెకు, గేటు ముందు జామకాయలమ్మే ఆయనకు కూడా నేను తెలుగు ఆపానే. ఒకసారి మా ఆయన నన్ను ఇంటికి తీసుకుపోదామని వచ్చి, గేటు దగ్గర నా పేరు చెప్పి అడిగితే, "అట్లాంటోళ్ళు ఈడ ఎవురూ లేరప్పా" అని వెనక్కి పంపేశారు. ఆయనా తిరిగి వెళ్ళిపోయాడు. ఇంకొంచెం గట్టిగా అడిగి ఉండొచ్చు కదా అని నాకు ఇప్పటికీ చిన్న అనుమానం.

మదనపల్లెలో ముస్లిం పెద్దలు కొందరు కలిసి నడుపుతున్న చిన్న బడి అది. ఆరు నుంచి ఎనిమిది దాకా మూడే తరగతులు. పొద్దున ఖురాన్ పాఠం, అరబ్బీ అక్షరాలు. ఆ తర్వాత అన్ని బళ్ళలో మాదిరే లెక్కలు, సైన్సు, ఇంగ్లీషు, మధ్యలో ఎక్కడో నా తెలుగు. దర్జీల పిల్లలు, మెకానిక్కుల పిల్లలు, బట్టల అంగళ్ళవాళ్ళ పిల్లలు వస్తారు. ఇంట్లో మాట్లాడేది దక్కనీ ఉర్దూ, వీధిలో తెలుగు. సాయంత్రం బజారులో వాళ్ళు తెలుగులో తగాదా పడుతుంటే వినడానికి ముచ్చటగా ఉంటుంది. ఒక్క మాట తడుముకోరు. అదే నోళ్ళు నా క్లాసులో పుస్తకం తెరవగానే బీగం వేసినట్టు మూతపడతాయి. పద్యం చదవమంటే నా వైపు జాలిగా చూస్తారు. అది వాళ్ళమీద వాళ్ళకు జాలో, నామీద జాలో నేనెప్పుడూ తేల్చుకోలేకపోయాను.

మా హెడ్ మేడమ్‌ను అందరూ బడీ ఆపా అంటారు, పెద్దక్క అని. అరవై దాటిన మనిషి. తెల్ల దుపట్టాను తలమీంచి జారనివ్వదు, అన్న మాటనూ అంతే. తెలుగు ధారాళంగా మాట్లాడుతుంది. ఒక్కటే చిక్కు. ఉర్దూలో ప్రతి వస్తువూ ఆడదో మగదో అయ్యుండాలి. ఆమె తెలుగులోకి వచ్చేటప్పటికి ఆ తేడా చూసే ఓపిక లేక అన్నిటినీ కలిపి మగవాళ్ళను చేసేస్తుంది. "కరెంటు పోయినాడు." "వాన వస్తాండాడు, కిటికీలు మూయండి." ఇది దిద్దాల్సిన బాధ్యత తెలుగు టీచరుగా నాదే. కానీ నా సెలవు చీటీల మీద సంతకం ఆమెది.

కిందటేడు వేసవి సెలవులకు బడీ ఆపా బెంగళూరులో కూతురింటికి వెళ్ళి వచ్చింది. బడి తెరిచిన మొదటి రోజే మమ్మల్నందరినీ తన గదిలోకి పిలిచింది.

"ఆడ మా మనవడి బళ్ళో పిల్లోళ్ళను చెరువుకాడికి తీస్కపోయి నీళ్ళ పాఠం సెప్తారంట. మనోళ్ళేం తక్కువ తిన్నారా? ఇంగమీద నెలకొక పాఠం గేటు బయట."

మేం తలలూపాం. ఆమె గదిలో అదే చేస్తాం.

"ఇంగొకటి. గేటు దాటినాక టీచర్లు లేరు. అందురూ పిల్లోళ్ళే. ఎవురికి ఏం రాదో వాళ్ళు అది నేర్సుకోవాల." అని అందరినీ ఒక చుట్టు చూసి నా దగ్గర ఆగింది. "తెలుగు ఆపా, నువ్వు ఇన్నేండ్లుగా ఉర్దూ వాళ్ళ మద్దిన ఉండావు. నీకు ఉర్దూ ఎంతొచ్చినాడు?"

"అర్థమవుతుంది మేడమ్," అన్నాను.

"అర్థం కావడం మా ఇంట్లో మేకకి గూడా అవుతాడు. మాట్లాడాల."

అలా నా చదువు మొదలైంది.

మొదటి బయట పాఠం మా ఊరి టమోటా మార్కెట్లోనే జరిగింది. పిల్లలు గంటసేపు క్రేట్ల మధ్య నిలబడి వేలం పాట విన్నారు. నేను వాళ్ళకు క్రియాపదాలు చూపించాలనుకున్నాను. వాళ్ళు అంతకంటే పనికొచ్చేదే నేర్చుకున్నారు. మర్నాడు నేను ఇంటికి పది వాక్యాలు రాసుకుని రమ్మంటే, వెనక బెంచీవాడొకడు లేచి, "పది అంటాండారు తెలుగు ఆపా, పది! ఐదుకు అడిగేవాళ్ళు ఉండారా?" అని పాట మొదలుపెట్టాడు. క్లాసంతా అందుకుంది. ఆఖరికి సరుకు నాలుగు వాక్యాలకు తెగింది. అయితే ఆ నాలుగూ అందరూ రాసుకొచ్చారు. పది ఇచ్చిన రోజుల్లో అట్లా ఎప్పుడూ జరగలేదు. అందుకని నేనూ నోరు మూసుకున్నాను.

నాకు ఉర్దూ నేర్పడానికి బడీ ఆపా ఒక గురువును కూడా ఏర్పాటు చేసింది. ఎనిమిదో తరగతి పిల్ల. వాళ్ళ నాన్న పరుపులు కుట్టి అమ్ముతాడు. బిగించి అల్లిన జడ, చిన్న ముఖం, నా క్లాసులో చివరి బెంచీ. అంతకుముందు ఏడాది మొత్తంలో ఆ పిల్ల నోటినుంచి నేను విన్న తెలుగు "ఉండాను ఆపా" అని హాజరు పలకడం ఒక్కటే. మెతక పిల్ల, చదువు తొందరగా ముగుస్తుంది, తప్పించుకోవచ్చు అనుకున్నాను.

మధ్యాహ్నం అన్నాలయ్యాక వరండాలో కూర్చున్నాం. నేను కూర్చున్నాను. ఆమె నిలబడింది. చేతిలో స్కేలు.

"లేసి నిలబడి సెప్పండి ఆపా," అంది.

నిలబడి, "మేరా ఘర్ మదనపల్లె మే హై," అన్నాను, మా ఇల్లు మదనపల్లెలో ఉంది అని.

"ఇనిపించలా. నోట్లో ఏముండాది?"

ఆ మాట ఎక్కడో విన్నట్టుందే అనుకున్నాను. కాసేపటికి గుర్తొచ్చింది, అది నాదే. ఆ తర్వాత వరసగా నావన్నీ బయటికొచ్చాయి. "ఇంట్లో సూస్కోని రాలేదా?" "కిటికీలో ఏముండాది, ఈడ సూడండి." "పక్కోళ్ళను అడగొద్దు, మీకు మీరే సెప్పండి." ఏడాదంతా మాట్లాడకుండా కూర్చుని ఆ పిల్ల నన్నే చదువుకుంది. నా కళ్ళద్దాలు ముక్కు కిందికి జార్చి చూసే చూపు కూడా దించింది. కళ్ళద్దాలు లేకుండానే.

కానీ బాగా నేర్పింది. నెల తిరిగేటప్పటికి జామకాయల ఆయనతో నేను ఉర్దూలో బేరమాడాను. ఎక్కువకే కొన్నాను గానీ, ఉర్దూలో కొన్నాను. ఆమె చెప్పిన మాటల్లో నాకు బాగా నచ్చింది "గుజర్ గయా" అనేది. వక్త్ గుజర్ గయా అంటే కాలం గడిచిపోయింది అని. ఎంత దర్జాగా ఉందో మాట! "అయితే బస్సు ముందరనుంచి వెళ్ళిపోతే కూడా అదే అనొచ్చా? బస్ గుజర్ గయీ?" అని అడిగాను. గురువు ఆలోచించి, "అనొచ్చు," అంది. ఆ రోజునుంచి నేను ఆ మాటను సందు దొరికితే వాడాను. సెలవులు గుజర్ గయే. పీరియడ్ గుజర్ గయా. కొత్త చీర కట్టిన మనిషి వీధి చివరిదాకా పోయి వచ్చినట్టు ఆ మాటను అందరి ముందూ తిప్పాను.

చలికాలం వచ్చాక బడీ ఆపా పెద్ద ప్రయాణం పెట్టింది. పొద్దున పుంగనూరు, అక్కడి పొట్టి ఆవులు. మధ్యాహ్నానికి కుప్పం. అటు తమిళనాడు, ఇటు కర్ణాటక, నడుమ మనం. ఒకే మాట మూడు భాషల్లో ఎట్లా పలుకుతుందో పిల్లలు జనాన్ని అడిగి తెలుసుకోవాలి. ఈ రెండోది నా ఆలోచనే. నాకు చాలా గొప్పగా తోచింది.

అద్దె మినీబస్సు తెల్లవారి నమాజు అయ్యాక బయల్దేరింది. బస్సు కదిలేముందు నేను మెట్టుమీద నిలబడి పిల్లలకు ఉపన్యాసం ఇచ్చాను. "ఎవరైనా తప్పిపోతే, ఉన్నచోటే ఉండండి. ఏడవకండి. అక్కడి పెద్దవాళ్ళకు మీరెవరో స్పష్టంగా చెప్పండి. తెలియనివాళ్ళు ఏదిచ్చినా తినకండి." మూడుసార్లు అందరిచేతా అనిపించాను కూడా.

పుంగనూరు ఆవు పేరు దేశమంతా తెలుసు. పక్కూరివాళ్ళం, మేమే చూడలేదు. ఊరి బయట ఒక రైతు ఇంటి దగ్గర నాలుగైదు ఉన్నాయి. తెల్లగా, మా క్లాసులో బల్లంత ఎత్తు. మా లెక్కల సారు ఆరడుగుల మనిషి. ఆయన పక్కన ఆవు నిలబడితే, ఆవు దూరంగా ఎక్కడో ఉన్నట్టు కనిపించింది. పిల్లలు దాని చుట్టూ మూగి మెడ నిమిరారు, కొమ్ములు తాకారు, సెల్ఫీలకు దాన్ని ఇటు తిప్పాలని చూశారు. అది మాత్రం గడ్డినుంచి తల ఎత్తలేదు.

బడీ ఆపా ముందుకొచ్చి పాఠం ప్రారంభించింది. "సూడండి పిల్లలూ. ఆవు గడ్డి తింటాండాడు."

ఆ ఇంటామె మేత మోపు మోసుకుపోతూ టక్కున ఆగింది. "ఏమ్మా, పూటపూటకూ పాలిచ్చేదాన్ని పట్టుకోని మొగోడంటాండావే!"

నేను ఆవు వైపు తిరిగి దాని చెవులు చాలా శ్రద్ధగా పరిశీలించాను. లెక్కల సారు ఆకాశం చూశాడు. మా బడి చరిత్రలో బడీ ఆపా తెలుగును పైకి దిద్దిన మొదటి మనిషి ఆమె. ఆ సంగతి ఆమెకు తెలియదు. మోపు ఇంకా నెత్తిమీదే ఉంది.

"మరి ఏమనాల?" అంది బడీ ఆపా.

"తింటాండాది అనాల."

గేటు దాటాం కదా. పెద్దామె తన నియమం తప్పలేదు. చేతులు కట్టుకుని, చదువుకునే పిల్లలాగానే, "ఆవు గడ్డి తింటాండాది," అంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆమె ముఖం ఎర్రబడింది, నవ్వింది, మళ్ళీ ఒకసారి అని చూసుకుంది.

ఇక బస్సు ఎక్కినప్పటినుంచీ సాధనే సాధన. "ఎండ వచ్చినాది. చెట్టు పోతాండాది. కొండ వస్తాండాది." ముందు సీటులో కూర్చుని కిటికీలో కనిపించిన ప్రతిదాన్నీ దిద్దుకుంటూ వచ్చింది. నాకు చాలా సంతోషమేసింది. పలమనేరు వచ్చేటప్పటికి ఆ సంతోషం కొంచెం సడలింది. "లెక్కల సారు నిద్రపోతాండాది," అంది బడీ ఆపా.

కుప్పం చేరేటప్పటికి ఎండ నడినెత్తికి వచ్చింది. పిల్లలు జట్లుగా విడిపోయి బజారులో కనపడినవాళ్ళనల్లా ఆపి అడిగారు. ఉల్లిగడ్డను ఏమంటారు, మేనమామను ఏమంటారు, నిన్నటిని ఏమంటారు. కుప్పం జనం ఓపికమంతులు. ఒక మాట అడిగితే రెండు చెప్పారు, ఏ ఊరు, ఎవరి పిల్లలు అని మూడు అడిగారు. క్లాసులో బీగం పడే నోళ్ళు అక్కడ ఆగితే ఒట్టు. నా గురువు ఒక తమిళ బస్సు కండక్టరును నిలబెట్టి, "ఇనిపించలా, మళ్ళా సెప్పండి," అంటోంది.

అన్నాలు తిన్నాక మధ్యాహ్నపు జొహర్ నమాజు వేళైంది. బస్టాండు వెనక వీధిలో మసీదు, ఆ పక్కనే ఆడవాళ్ళకు వేరే గది. బస్సు మసీదు ముందు ఆగింది. మగపిల్లలూ వాళ్ళకు తోడుగా సారూ అటు, ఆడపిల్లలూ బడీ ఆపా ఇటు వెళ్ళారు. నాకు పనిలేదు. బ్యాగు బరువని సీట్లోనే వదిలేసి, చేతిలో ఒక నోటు పట్టుకుని దిగాను. వీధి మొదట్లో పూల అంగడి కనిపించింది మరి. కుప్పం కనకాంబరాలు చూసి ఊరకే వచ్చే మనిషిని కాను నేను.

"ఎన్ని మొళాలు?" అంది పూలామె.

"రెండు మూరలు," అన్నాను.

"మొళం," అంది ఆమె.

నా పక్కన ఒక కన్నడ ఆమె చామంతులు కొంటోంది. "ఎరడు మొళ," అంది.

మూర, మొళం, మొళ! నేను పిల్లలకు చెప్పిందంతా అక్కడ మూర్తీభవించి బుట్ట ముందు కూర్చుంది. పొద్దుటినుంచీ వాళ్ళు నేర్చుకుంటుంటే చూసి ఊరుకున్నానేమో, నాకూ పూనకం వచ్చింది. ఇదంతా ఒకే మాట తెలుసా అని మొదలుపెట్టి, ఆ భాషలు ఎట్లా చుట్టాలు, మాటలు ఇల్లు మారితే ఎట్లా రూపు మారతాయి, అన్నీ చెప్పాను. కన్నడ ఆమె మర్యాదకు కాసేపు విని వెళ్ళిపోయింది. పూలామె మోచేయి చాపి పట్టుకునే ఉంది.

"అదంతా నాకు తెలీదు తల్లీ. నాకు నా సెయ్యి తెలుసు. సెయ్యి నొస్తాది, రెండిచ్చేదా?"

పూలు తురుముకుని వెనక్కి వచ్చాను. మసీదు ఉంది. బస్సు లేదు.

డ్రైవరు నీడకు పెట్టి ఉంటాడని మూల తిరిగి చూశాను. పక్క వీధి చూశాను. ఆడవాళ్ళ గది ముందు ఒక్క చెప్పుల జత లేదు. నన్ను వదిలేసి పోయారని అప్పుడు అర్థమైంది.

తర్వాత తెలిసిన సంగతి ఇది. వెనక సీట్లో ఆడపిల్లలు నేను ముందర బడీ ఆపాతో ఉన్నాననుకున్నారు. బడీ ఆపా నేను వెనక పిల్లలతో ఉన్నాననుకుంది. లెక్కల సారు పిల్లలను లెక్కపెట్టాడు. లెక్క సరిపోయింది. టీచర్లను లెక్కపెట్టాలని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఫోను బ్యాగులో, బ్యాగు బస్సులో ఉన్నాయి. ఎవరినైనా ఫోను అడగొచ్చు, కానీ ఏ నంబరు చెప్పను? బడి నంబరు గేటు మీద మూరెడు అక్షరాలతో రాసి ఉంది. రోజూ దాని కిందనుంచే పోతాను. గుర్తు లేదు. మా ఆయన నంబరు గుర్తు లేదు. నాకు కంఠతా వచ్చిన నంబరు ఒకే ఒకటి, సదుంలో మా పుట్టింటి పాత ల్యాండ్‌లైనుది. ఆ ఫోను తీసేసి ఎన్నేళ్ళయిందో.

ఇక పొద్దున నేను చెప్పిన ఉపన్యాసమే నాకు దిక్కయింది. ఉన్నచోటే ఉండాలి. ఉన్నాను. ఏడవకూడదు. దాన్లో మాత్రం పూర్తిగా నెగ్గలేదు. పెద్దవాళ్ళకు స్పష్టంగా చెప్పాలి.

మసీదుకు ఎదురింటి అరుగు మీద ఒక ముసలామె చేటలో బియ్యం పెట్టుకుని రాళ్ళు ఏరుతోంది. ముస్లిం ఇల్లని గుమ్మం పైన అరబ్బీ అక్షరాలే చెబుతున్నాయి. ఇన్నాళ్ళ చదువుకు ఇదే పరీక్ష అనుకున్నాను. దగ్గరికి వెళ్ళి, ముక్కు ఎగబీలుస్తూ, నాకు వచ్చిన మాటల్లోకల్లా దర్జా అయిన మాటను బయటికి తీశాను.

"అమ్మా, మేరే బచ్చే గుజర్ గయే."

నా పిల్లలు నన్ను దాటి వెళ్ళిపోయారు అని నా భావం.

ఆమె చేతిలో చేట ఒరిగిపోయింది. బియ్యం అరుగు మీద చిందాయి. "కిత్తే బచ్చే?" అంది సన్నగా. ఎంతమంది పిల్లలు అని.

"బీస్ సే జ్యాదా," అన్నాను. ఇరవైకి పైనే.

"యా అల్లా!" అని గుండె మీద చెయ్యి వేసుకుని లోపలికి కేక పెట్టింది. కోడలు పరుగెత్తుకొచ్చింది. ముసలామె నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, తల నిమిరి, తన కొంగుతో నా కళ్ళు తుడిచింది. ఆమె కళ్ళల్లోనూ నీళ్ళు. బస్సు తప్పిపోయిన మనిషికే కుప్పంవాళ్ళు ఇంత బాధపడతారా అని నాకు మనసు నిండిపోయింది. అంత ప్రేమగా అడుగుతుంటే వివరంగా చెప్పకపోతే బాగుండదని, "బస్ మే," అన్నాను. "సబ్ ఏక్ సాథ్. హెడ్ మేడమ్ భీ."

బస్సులో. అందరూ ఒకేసారి. హెడ్ మేడమ్ కూడా.

పక్కిళ్ళనుంచి కూడా ఆడవాళ్ళు వచ్చేశారు. ఎవరో నీళ్ళు ఇచ్చారు. ఎవరో దువా చదువుతున్నారు. కోడలు మాత్రం నా జడలో కొత్త కనకాంబరాల వంక అదోలా చూసి, తెలుగులో అడిగింది. "యాక్సిడెంటు యాడ జరిగిందమ్మా?"

"యాక్సిడెంటు యాల? బస్సు నన్ను వదిలేసి పోయింది, అంతే!"

అందరూ ఆగిపోయారు. దువా కూడా ఆగింది.

"అయితే పిల్లోళ్ళు బాగుండారా?" అంది ముసలామె.

"బాగుండారు. మదనపల్లెకు పోతాండారు."

"నీకు తెలుగొస్తాదా?"

"నేను తెలుగు టీచర్నమ్మా."

ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "తెలుగు టీచరువి, తెలుగులో ఏడ్సకూడదా తల్లీ! నా గుండె నిలబడిపోయుండు!" అని, ఆపుకోలేక నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు పక్కింటివాళ్ళకు పాకింది, అరుగంతా ఊగిపోయింది. గుజర్ గయా అని కాలాన్ని అనొచ్చు, బస్సును అనొచ్చు, మనుషులను అన్నావంటే కాటికి పంపినట్టేనని కోడలు నాకు నవ్వుల మధ్య విడమరిచి చెప్పింది.

సిగ్గుతో నేలలోకి పోవాల్సింది. చిత్రంగా, నాకూ నవ్వే వచ్చింది. అందరం కలిసి అరుగు మీద చిందిన బియ్యం ఎత్తాం. తర్వాత ముసలామె ఒక ప్లేటులో ఖీర్ తెచ్చి ముందు పెట్టింది. వద్దన్నాను. "ఇంతమందిని సంపి బతికిస్తివి, అలిసిపోయుంటావు, తిను," అంది. తిన్నాను.

రెండో ప్లేటు సగంలో ఉండగా వీధి మలుపులో మినీబస్సు హారను వినిపించింది.

తిరుగుదారిలో వి.కోట దాకా వెళ్ళిపోయారట. అక్కడ ఆరో తరగతి పిల్లవాడికి వాంతి వచ్చినట్టుండి, నిమ్మకాయ కోసం "తెలుగు ఆపా" అని పిలిచాడు. నిమ్మకాయలు నా బ్యాగులో ఉంటాయని వాళ్ళకు తెలుసు. ముందువాళ్ళు వెనక్కి చూశారు, వెనకవాళ్ళు ముందుకు చూశారు. వాంతి సంగతి వాడే మరిచిపోయాడట.

బస్సు ఆగీ ఆగకముందే పిల్లలు దూకారు. నన్ను పట్టుకుని ఏడుస్తారనుకుని చేతులు చాచాను. వాళ్ళు నా ముందు వరసగా నిలబడ్డారు.

"ఉన్నెచోటే ఉండారా ఆపా?"

"ఉన్నాను."

"ఏడిసినారా?"

"కొంచెం."

"తెలీనోళ్ళు ఇచ్చింది తినొద్దని సెప్పినారు గదా. అదేంది సేతిలో?"

ఖీర్ ప్లేటు వెనక్కి దాచడానికి ఆలస్యమైపోయింది. ఒకడు పక్కవాడితో, "రేపు అమ్మానాయన్ని పిల్సుకోని రమ్మనాల," అన్నాడు.

బడీ ఆపా మెల్లగా బస్సు దిగి వచ్చింది. నా రెండు భుజాలు పట్టుకుంది. తలమీంచి దుపట్టా జారిపోయి ఉంది. అప్పుడే నాకు తెలిసింది, వి.కోటనుంచి కుప్పం దాకా ఆమె ఎట్లా వచ్చిందో. "నిన్ను యాడని వెతకాల్నో అని..." అని మాట పూర్తిచేయకుండా దుపట్టా సర్దుకుంది.

ముసలామె ఊరుకోలేదు. జరిగిందంతా మొదటినుంచి, నా గొంతుతో, నా ఏడుపుతో సహా, ఉర్దూలో నటించి చూపించింది. "హెడ్ మేడమ్ భీ" దగ్గరికి వచ్చేటప్పటికి, ఇంతకు ముందే తన చావు ఈ అరుగు మీద జరిగిపోయిందని తెలిసి, బడీ ఆపా గోడకు ఆనుకుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. ఆమె అట్లా నవ్వగా నేనెప్పుడూ చూడలేదు. లెక్కల సారుకు ఉర్దూ అంత రాదు. పిల్లలు ఆయనకు విడివిడిగా, ముగ్గురు మూడుసార్లు చెప్పారు.

నవ్వని మనిషి ఒక్కతే. నా గురువు. ముఖం చిన్నబుచ్చుకుని నా పక్కకు వచ్చి, "నేను ఆ మాటకి ఇంగో అర్థం సెప్పలేదు ఆపా. తప్పు నాదే," అంది.

"నువ్వు బస్సు వరకే చెప్పావు. మనుషుల మీద వేసింది నేను," అన్నాను.

ఆ పిల్ల ఆలోచించింది. "అయితే సున్నా మీకే," అని, "ఉచ్చారణకు మాత్రం మార్కులేస్తా. బాగా పలికినారు కాబట్టే గదా వాళ్ళు నమ్మింది," అంది.

ఇంటిదారి పొడుగునా నన్ను వెనక సీటులో ఇద్దరు పిల్లల నడుమ కూర్చోబెట్టారు. పుంగనూరులో టీకి ఆగినప్పుడు దిగుతానంటే, ఎవరో ఒకరు తోడు రావాలన్నారు. ఇద్దరు వచ్చారు.

ఆ తర్వాత బడిలో కొన్ని మార్పులు జరిగాయి. బయట పాఠానికి వెళ్ళినప్పుడు లెక్కల సారు ఇప్పుడు ముందు టీచర్లను లెక్కపెడతాడు, రెండుసార్లు. హాజరు పిలిచే పిల్ల చివర్లో నా పేరు కూడా పిలుస్తుంది. పేరంటే తెలుగు ఆపా అనే. "ఉండాను" అని పలకకపోతే బస్సు కదలదు. నా క్లాసులో పద్యం ఇప్పటికీ కష్టమే. కానీ పిల్లలు తప్పు పోతుందేమోనని నోరు మూసుకోవడం తగ్గింది. తెలుగు ఆపా ఉర్దూలో అంతమందిని చంపేసి కూడా మర్నాడు బడికి వచ్చింది కదా, మన ఒత్తు తప్పయితే ఏమవుతుంది అని వాళ్ళలో వాళ్ళు అనుకోవడం విన్నాను. దానికి నేను కోప్పడలేదు.

నా గురువు ఈ ఏడు ఎనిమిది దాటి పెద్ద బడికి వెళ్ళింది. మొన్న ఒక సాయంత్రం మా గేటు దగ్గర కనిపించింది. జడ అట్లాగే బిగించి ఉంది. కొత్త బడి ఎలా ఉందని అడిగాను.

"గదులు పెద్దవి ఆపా. గేటు గూడా పెద్దదే. దాన్ని తెరిసేది పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. బయట పాఠం లేదంట. నేను లేసి హెడ్‌మాస్టరు సార్ని అడిగినాను."

నా క్లాసులో ఏడాదంతా హాజరు తప్ప ఒక్క మాట పలకని పిల్ల. "తెలుగులోనే అడిగినావా?" అన్నాను.

"తెలుగులోనే. సూస్తాంలే పో అన్నారు."

ఆ మాట వరండాలో కూర్చున్న బడీ ఆపా చెవిన పడింది. ఆమె లేచి, చెప్పులు వెతుక్కుని, దుపట్టా సర్దుకుంటూ మా దగ్గరికి వచ్చింది.

"ఆ హెడ్‌మాస్టరు సారు ఇప్పుడు బళ్ళోనే ఉంటాదా?" అంది.